అరసోల వడియాల బాకీ

చెంచురామయ్య వెంకటశేషమ్మ గారి వడియాల మీద కూర్చున్నాడు. అది 1959 మే నెల. పొద్దున పదిన్నర. ఇందుకూరుపేట వీధి చివర ఉన్న ఆవిడ ఇంటికి ఆయన అద్దెకు చోటు అడగడానికి వెళ్లాడు. అరుగు మీద తెల్లటి పాత పంచె పరిచి ఉంది. దాని మీద అరగంట ముందు పెట్టిన బియ్యప్పిండి వడియాలు వరసలు తీరి ఉన్నాయి. ఎండలో నడిచి వచ్చిన కంటికి తెలుపు మీద తెలుపు ఆనలేదు. పైగా ఏడాదిగా ఆ మనిషిని ఏ గడపలోనూ ఎవరూ కూర్చోమనలేదు. గుడ్డ పరిచి ఉండడం చూసి తన కోసమే పరిచారనుకున్నాడు. ఆ మర్యాదకు పొంగిపోయి, మర్యాదగా, సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు.

తడి వెంటనే తెలిసింది. కానీ లేస్తే పంచె వెనకాల వడియాలతో వీధిలో నిలబడాలి. అసలే ఐ.పి. పెట్టిన మనిషి. అందుకని లేవలేదు.

ఐ.పి. పెట్టడమంటే కోర్టుకు వెళ్లి 'నా అప్పులు తీర్చే శక్తి నాకు లేదు' అని అర్జీ ఇచ్చుకోవడం. మా వైపు ఏ ఇంగ్లీషూ రాని వాళ్లకు కూడా ఆ రెండక్షరాలు వచ్చు. చెంచురామయ్యకు అంతకుముందు జవుళి అంగడి ఉండేది. రైతులకు గుడ్డలు అరువిచ్చేవాడు, కోతలయ్యాక వసూలు చేసుకునేవాడు. రెండేళ్లు వరసగా కోతల ముందు గాలివాన వచ్చింది. వరి నీళ్లలో పడుకుంది. రైతుల్ని ఈయన గట్టిగా అడగలేకపోయాడు. ఈయన్ని నెల్లూరు షావుకార్లు గట్టిగానే అడిగారు. 1958లో కోర్టుకెక్కాడు. ఇల్లు, అంగడి, సామాను, చివరికి అన్నం వండుకునే గిన్నెలు కూడా వేలానికి వెళ్లాయి.

ఐ.పి. పెట్టేవాళ్లలో రెండు రకాలుంటారు. ముందుగా నాలుగెకరాలు భార్య పేరున రాయించి, తరవాత కోర్టుకు వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు మొదటి రకం. మా చుట్టుపక్కల వాళ్లే ఎక్కువ. చెంచురామయ్య రెండో రకం. ఆయన భార్య పెంచలమ్మ పేరున తులసికోట కూడా లేదు. ఊరు మాత్రం ఆ తేడా చూడలేదు. ఆయన అప్పు అడిగితే "నీ దగ్గరేముందయ్యా?" అన్నారు. అద్దె తగ్గించమంటే "దాచింది ఉంటది గదన్నా, బైటికి తియ్యి!" అన్నారు. ఎనిమిది రూపాయలు చేసే రెండు గదులకు ఒకాయన పాతిక అడిగాడు. ఇంకొకాయన, నెలజీతగాడు ఎవరైనా జామీను సంతకం పెడితే ఇస్తానన్నాడు.

ఆ జామీను కోసం చెంచురామయ్య మా ఇంటికి వచ్చాడు. నేను బోర్డు స్కూల్లో అయ్యవారిని. నెలజీతం వచ్చే మనిషిని, సంతకానికి పనికొస్తాను. విషయం ఇంకా మొదలుపెట్టకముందే మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. ఏ గ్లాసులో తెచ్చిందో అప్పుడు చూశాను. వేలంలో రూపాయికి కొన్న ఇత్తడి గ్లాసు అది. నడుమున 'వి. చెంచురామయ్య' అని చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. ఆయన గ్లాసు అందుకున్నాడు, చూశాడు. పేరు అరచేతిలోకి వచ్చేటట్టు తిప్పుకుని మజ్జిగ తాగాడు.

"చల్లగా ఉంది," అన్నాడు. తరవాత జామీను సంగతి చెప్పాడు.

"పెట్టేవాణ్ణే గానీ పెన్నులో సిరా అయిపోయిందయ్యా," అన్నాను.

ఆయన నా చొక్కా జేబు వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. జేబు కింద సిరా మరక కారి కారి అర్ధరూపాయి బిళ్లంత అయి ఉంది.

"పర్లేదు అయ్యవారూ. ఉతికేముందు కాస్త పుల్లటి పెరుగు రుద్దమనండి, పోతుంది," అని చెప్పి వెళ్లిపోయాడు. గుడ్డల సంగతి తెలిసిన మనిషి గదా. మరక పోయింది.

అట్లా తిరిగి తిరిగి చివరికి వెంకటశేషమ్మ గారి అరుగెక్కాడు. ఆవిడకు పిల్లల్లేరు, భర్త పోయి చాలాకాలమైంది. మడి మనిషి. పెరట్లో గేదె చచ్చిపోయి ఖాళీగా పడి ఉన్న కొట్టం ఉంది. ఆవిడ బైటికి వచ్చి ఈయన్ని చూసింది, ఈయన కింద ఏముందో చూసింది. బేరం సాగినంతసేపూ ఆ ఊసే ఎత్తలేదు. ఈయనా ఎత్తలేదు.

"నెలకు ఆరు రూపాయలు అబ్బయ్యా. ఒకటో తేదీ దీపం పెట్టేలోపల ఇయ్యాలా. ముందుగానే."

"అట్టనే అమ్మా. రసీదు ఇప్పిస్తే..."

"రసీదు లేదు, గిసీదు లేదు. నీ పేరూ నా పేరూ ఒక కాయితం మీద కనిపిస్తే కోర్టు అమీను జప్తుకని నా గుమ్మమెక్కుతాడు. నీ సామాను ఏదో నా సామాను ఏదో వాడికేం తెలుసు?"

"నాకు సామాను లేదమ్మా."

"అందుకేనయ్యా, నాదే పట్టుకపోతాడు."

ఆయన ఒప్పుకున్నాడు. ఇక లేవక తప్పలేదు. అప్పుడు ఆవిడ చాలా దయగా అంది: "మెల్లిగా లే నాయనా. గుడ్డ కూడా వస్తది."

వచ్చింది.

చెంచురామయ్య వడియాలు ఒక్కొక్కటే వెనకనుంచి ఒలుచుకుంటూ, "ఎంత పిండి పెట్టినారమ్మా?" అని అడిగాడు. అరసోల అంది, అంటే రెండు గుప్పిళ్లు. "నా పేరున రాసుకోండి, తీర్చేస్తా," అన్నాడు. ఆవిడ నవ్వి, "సరేలే, రాసుకుంటా," అంది. ఏడాది తరవాత ఒక మనిషి ఆయన పేరున బాకీ రాసుకుంటానంది. ఆ రోజు ఆయన కొంచెం సంతోషంగా కూడా తిరిగి వచ్చాడని పెంచలమ్మ చెప్పింది.

అయితే ఆ బాకీ తీరే దారి లేదని ఆయనకు తరవాత తెలిసింది. మర్నాడే సోలెడు బియ్యం తీసుకెళ్లాడు. "నాకు బియ్యానికి కరువా? తీసకపో," అంది ఆవిడ. డబ్బులిస్తానన్నాడు. "వడియాలు అమ్ముకునే కొంప అనుకున్నావా?" అని కోప్పడింది. మరుసటి ఎండాకాలం పెంచలమ్మ తలస్నానం చేసి, తడిబట్టతో వడియాలు పెట్టి, ఆకులో కట్టి తెచ్చింది. వెంకటశేషమ్మ గారు వాటిని చేత్తో ముట్టకుండా దూరం నుంచే చూసింది. "ఇంకో చేతి వడియం నేను తినను తల్లీ, నీకు తెలీదా? ఉండనీ, బాకీ ఎక్కడికి పోద్ది," అంది. పెంచలమ్మ ఆ వడియాలు తిరిగి తెచ్చి వేయించింది. మొగుడూ పెళ్లాలు రెండు పూటలు అవే నంజుకున్నారు.

అద్దె మాత్రం తప్పలేదు. చెంచురామయ్య గంగాధరం అంగట్లో కూలికి కుదిరాడు. గంగాధరం వేలంలో ఆ అంగడిని కొన్నవాడు. అంటే తన అంగట్లోనే, తన గజంబద్దతోనే, తను గుడ్డ కొలిచి చించేవాడు. నెలకు నలభై రూపాయలు. గల్లాపెట్టె వైపు చెయ్యి చాపకూడదని షరతు. గంగాధరం చెడ్డవాడు కాదు. "అన్నా, నీ మీద నమ్మకం లేక గాదు, జనం చూస్తారు," అనేవాడు. జనం చూసేవారు కూడా.

1963లో కోర్టు ఆయనకు విడుదల కాయితం ఇచ్చింది. ఇక పాత అప్పుల బాధ్యత లేదని అందులో రాసి ఉంది. చెంచురామయ్య దాన్ని మడతలు విప్పి కనిపించిన వాళ్లందరికీ చూపించాడు. అందరూ చదివారు. కిరాణా అంగడాయన చదివి, మడిచి, చేతికిచ్చి, "మంచిదన్నా. ఈ కందిపప్పుకి డబ్బులిప్పుడిస్తావా, ఇంటికి పోయి తెస్తావా?" అన్నాడు.

ఆయన కోరిక పెద్దదేమీ కాదు. ఆరొందల రూపాయల సరుకు అరువుగా దొరికితే మూట కట్టుకుని మైపాడు వైపు పల్లెల్లో తిరిగి అమ్ముకోవాలని. పడవల మీద పోయే వాళ్ల ఇళ్లకు లుంగీలు, పంచెలు, చవక చీరలు. అమ్మినదాన్ని బట్టి నెలనెలా కట్టడం. అది కుదిరితే కొట్టం వదిలి, కాస్త గాలి వచ్చే గది అద్దెకు తీసుకోవచ్చు. కొట్టంలో నేల ఎప్పుడూ చెమ్మే. పెంచలమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఆవిడ ఒక మూల గోడకానించి ఎనిమిది ఇటికలు పేర్చింది. మూట వస్తే చెమ్మ తగలకుండా దాని మీద పెట్టాలని.

నెల్లూరు జవుళి షావుకారు పద్మనాభయ్య గారు 1965 మే ఆఖర్లో గంగాధరం దగ్గర వసూలుకు వచ్చాడు. చెంచురామయ్య ఆయన్ని అడిగాడు. పద్మనాభయ్య గారు తోసిపారేయలేదు.

"పాత కత నాకు తెలుసులేవయ్యా. ఈ మధ్య ఎట్టుండావో చెప్పు. అద్దె సరిగా కడతా ఉండావా? రసీదులుంటే చూపించు."

"రసీదుల్లేవండీ. ఇంటామె ఇయ్యదు. మీరే వచ్చి ఆమెను అడగండి."

ఆ సిరా మరక గుర్తుకొచ్చి నేను కూడా వాళ్ల వెంట వెళ్లాను. ఒక మంచిమాట చెప్పడానికి పనికొస్తానేమోనని. అరుగు మీద ఆ రోజు కూడా వడియాలే ఎండుతున్నాయి. ముగ్గురం నిలబడే ఉన్నాం.

వెంకటశేషమ్మ గారు గడపలోనించే జవాబిచ్చింది. "ఆరేళ్లు నాయనా. డెబ్భై రెండు నెలలు. ఒక్క నెల తప్పలా. ఒకసారి జొరమొచ్చి పడుంటే పెంచలమ్మ కుంటుకుంటా తెచ్చిచ్చి పోయింది. ఇట్టాంటోళ్లు దొరకరు."

చెంచురామయ్య తల వంచుకున్నాడు. సంతోషానికి తల వంచుకోవడం నేనప్పుడే చూశాను. పద్మనాభయ్య గారు జేబులోంచి చిట్టా పుస్తకం తీశాడు. పెన్ను కూడా తీశాడు. రాసే ముందు అలవాటు కొద్దీ ఒక మాట అడిగాడు.

"అయితే మీకేం బాకీ లేడన్నమాట."

ఆవిడ అబద్ధం ఆడదు. కోర్టులోనే కాదు, వీధిలో కూడా ఆడదు. కొంచెంసేపు ఆలోచించింది.

"అట్టా అంటే ఉండాడు. అరసోల వడియాలు. ఆరేళ్లయింది."

పద్మనాభయ్య గారికి అర్థం కాలేదు. చెంచురామయ్య కూర్చున్న కథంతా ఆవిడ చెప్పింది, పంచెకంటినవి ఒలుచుకున్న సంగతితో సహా. షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. ఇంత నవ్విన మనిషి సరుకు ఇవ్వకుండా ఉండడని నేను అనుకున్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి, అయినా వ్యాపారం సంగతి తెలియదు.

"నేనిస్తానంటే అమ్మే తీసుకోలేదు గదండీ," అన్నాడు చెంచురామయ్య.

"ఇస్తానంటే తీసుకోలేదని ప్రతి బాకీదారుడూ చెప్పేదేనయ్యా," అంటూ ఆయన పెన్ను మూత పెట్టాడు.

"నవ్వులాటకి చెప్పిందండీ ఆమె," అన్నాను నేను.

"నవ్వు వేరు, సరుకు వేరు అయ్యవారూ. ఈ మాట రేపు బజారుకొస్తది. అరసోల వడియాలు ఆరేళ్లకి తీరని చోట ఆరొందల సరుకు పెట్టొచ్చినావా అని అడిగితే నేనేం చెప్పాలా?" అని చిట్టా జేబులో పెట్టుకుని నెల్లూరు బస్సుకు వెళ్లిపోయాడు.

వెంకటశేషమ్మ గారికి తను చేసిందేమిటో తెలియలేదు. "ఒక్క నెల తప్పలేదని గూడా చెప్పినా గదా నాయనా," అని నాతో అంది. చెప్పింది, నిజమే.

సాయంత్రం నేను కొట్టం వైపు వెళ్లేసరికి పెంచలమ్మ ఆ ఎనిమిది ఇటికల మీద మంచినీళ్ల కుండ పెట్టుకుంటోంది. "ఇటికలు ఊరికే ఉండాయి గదన్నా," అంది నన్ను చూసి.

ఆ తరవాత చెంచురామయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. వానలో గొడుగిస్తానన్నా తీసుకోక తడుస్తూ వెళ్లేవాడు. ఒకసారి నా దగ్గర తమలపాకుకు రవ్వంత సున్నం రాసుకున్నాడు. సున్నానికి లెక్క ఎవరైనా పెడతారా? మర్నాడు పొద్దున్నే ఆకు ముక్క మీద రవ్వంత సున్నం తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్లాడు. అంగట్లో నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ ఇత్తడి గ్లాసు గుర్తొచ్చింది. దాన్ని తిరిగి ఇచ్చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఊరికే ఇస్తే పుచ్చుకోడు, రూపాయి అడగడానికి నాకు మొహం చెల్లదు. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పేరు గోడవైపు తిప్పి పెడతాం.

1968 వచ్చింది. కొట్టం అదే, కూలి అదే, గజంబద్ద అదే. పెంచలమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. మే ఒకటో తేదీ మధ్యాహ్నం చెంచురామయ్య ఆరు రూపాయలు తెచ్చి ఎప్పటిలాగే అరుగు అంచున పెట్టి, వీధిలో ఎండలో నిలబడ్డాడు. ఆ ఏడు ఆవిడ వడియాలు పెట్టలేదు, చేతులు వణుకుతున్నాయి. ఊడ్చిన అరుగు నున్నగా, ఖాళీగా ఉంది. గడపలో కూర్చున్న ఆవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విసుక్కుంది.

"తొమ్మిదేళ్లుగా చూస్తా ఉండా, వచ్చినప్పుడల్లా ఆ ఎండలో కొయ్యలాగా నిలబడతావు, తలెత్తి మాట్లాడలేక నా మెడలు పడిపోతా ఉండాయి, ఈ అరుగు మీద కూర్చుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?"

"కూర్చుంటే బాకీ పడతానమ్మా."