సామాన్ల గదిలో పలక

పాత సర్వర్‌ను చివరిసారిగా ఆన్ చేసినప్పుడు దాని ఫ్యాన్ ముందు గరగరమంది, తర్వాత గదంతా హోరెత్తించింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. అందులోని ఫైళ్ళు కొత్త యంత్రంలోకి మార్చి, దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయాలని నిర్ణయం. కరీంనగర్‌లోని మా చిన్న ఆఫీసులో ఆ హోరు ఎరిగినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. అది వింటే నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. ఆమె దాని పక్కనే కుర్చీ వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసేవారు.

ఆమె నా మొదటి బాస్. మంచిర్యాలలో మిషన్ కాంపౌండ్‌లో పెరిగిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ఆఫీసు. ఆమె నోట పొగడ్త వినలేదు. తిట్టూ వినలేదు, అందుకే భయం ఇంకా ఎక్కువ. నేను చేరినప్పుడు ఆరు నెలల ప్రొబేషన్. అది గట్టెక్కకపోతే నాకు మిగిలేది మా బాపు పోయిన దారే. ఆయన పదహారేళ్ళు మస్కట్‌లో సెంట్రింగ్ పని చేసి, నడుము పోగొట్టుకుని వచ్చాడు. "నువ్వన్న గీడ ఉండురా" అని ఒక్కసారే అన్నాడు. నాకు నిద్ర పట్టకపోవడానికి ఆ ఒక్కసారి సరిపోయింది.

మేం ల్యాబుల పరీక్షల రిపోర్టులు దాచే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. ఒకేసారి చాలా పనులు ఒకే పట్టిక మీద పడితే సమాచారం పాడవుతుంది కాబట్టి ప్రోగ్రాంలో తాళం పెడతారు. తాళం దొరికిన పని లోపలికి వెళ్తుంది, మిగతావి బయట ఆగుతాయి. ఆ సర్వర్ చిప్పులో మాత్రం ఒక కొత్త సౌకర్యం ఉండేది. తాళం తీసుకోకుండానే అన్నీ లోపలికి వెళ్ళొచ్చు. రెండు పనులు ఒకే చోట చెయ్యి పెడితే చిప్పే కనిపెట్టి, ఒకటి చేసినదంతా చెరిపేసి వెనక్కి పంపుతుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే అప్పుడు మామూలుగా తాళం తీసుకోవాలి. ఇది నా బుర్రకెక్కకపోతే మేడం తన చిన్నప్పటి సంగతి చెప్పారు.

"మా కాంపౌండ్ల ఆరిండ్లకు ఒకటే సామాన్ల గది. తాళంచెవి మా అవ్వ దగ్గరుండేది. లోపట ఎవల అర వాళ్ళదే. అయినా ఒకలు పోతే మిగిలినోళ్ళు ఎండల నిలబడుడే. ఒకరోజు మా అవ్వ తలుపు తెరిచే పెట్టింది. ఎవల పప్పు వాళ్ళు తెచ్చుకున్నరు. ఒకలకొకలు తాకలే."

అర్థమైందనుకుని మూడు వారాలు కూర్చుని రాశాను. ఫలితం ఘోరం. తాళం లేకుండా వెళ్ళిన పనులు దాదాపు అన్నీ వెనక్కి తిరిగొచ్చాయి. పాత పద్ధతే వేగంగా ఉంది. ప్రొబేషన్ ముగిసే వారం, సోమవారం పొద్దున్నే, ఈ సౌకర్యం మనకు పనికిరాదని రిపోర్టు రాసి, నా అంకెలూ ప్రోగ్రామూ మొత్తం జతచేసి ఆమెకు పంపాను. ఆ పద్ధతి తీసుకుందామని పై ఆఫీసును ఒప్పించింది ఆమే. నా ఉద్యోగం ఉండాలో వద్దో చెప్పాల్సిన మనిషికే, మీరు పొరబడ్డారని రాసిచ్చానన్నమాట. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"రాజేశం, తాళం లేకుండ పోయిన పని ఎన్నిసార్లు గెలిచింది, ఎన్నిసార్లు ఓడింది అని లెక్క పెట్టినవ్ గద. గా లెక్క ఏడ రాస్తున్నవ్?"

"లోపట్నే మేడం. పని అయిపోంగనే ఒకటి కలుపుతున్న."

"అన్నిటికి కలిపి ఒకటే లెక్కనా?"

"ఒకటే."

"జర ఆలోచించు" అని వెళ్ళి చెవుల్లో దూది పెట్టుకున్నారు.

నాకు తెలిసేసరికి బుధవారమైంది. పనులన్నీ వేర్వేరు అరల్లోనే చెయ్యి పెడుతున్నాయి. కానీ బయటికి వచ్చే ముందు ప్రతి ఒక్కటీ నేను పెట్టిన ఆ ఒక్క అంకెను మారుస్తోంది. అక్కడే అన్నీ గుద్దుకుంటున్నాయి. పద్ధతి ఎంత బాగా నడుస్తోందో కొలవడానికి నేను పెట్టినదే దాన్ని నడవనివ్వలేదు. లెక్క తీసేస్తే పని సగం సమయంలో ముగిసింది. సిగ్గుతో వెళ్ళి చెబితే మేడం నవ్వారు.

"మా అవ్వ గూడ గిట్లనే జేసింది. తలుపు తెరిచినంక ఎవలెవలు వచ్చిన్రో తెల్వాలని లోపట పలక వేలాడదీసింది. అందరు పేరు రాయాలె. ఇగ పలక కాడ గుంపు. నాలుగు దినాలకు తీసేసింది."

"మరి మంచిగ నడుస్తున్నదని మనకెట్ల తెలుస్తది మేడం?"

"ఓడినయి లెక్కపెట్టు. అది గూడ బయటికి వచ్చినంక, ఎవలది వాళ్ళ దగ్గర్నే. మంచిగ అయినదానికి లెక్కెందుకు?"

మరునాడు ఇంకో లోపం చూపించారు. ఒక పని ఓడి తాళం తీసుకోగానే మిగతావన్నీ వెనక్కి వచ్చేసి, తాళం కోసమే వరుస కడుతున్నాయి. ఇక ఏదీ తాళం లేకుండా వెళ్ళే ధైర్యం చేయడం లేదు. "ఒకలు తాళం తీసుకుంటే అందరెందుకు పరేషాన్ కావాలె? గది ఖాళీ అయ్యేదాక ఆగి, మల్ల ఉత్తచేతులతోనే పోవాలె" అన్నారు. ప్రోగ్రాంలో నాలుగు లైన్ల మార్పు. శుక్రవారం సాయంత్రం నా ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వచ్చింది. ఆ నాలుగు రోజుల కష్టమే నన్ను గట్టెక్కించిందని చాలా ఏళ్ళు నమ్మాను. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను.

తర్వాత చిప్పులు తయారుచేసేవాళ్ళే ఆ సౌకర్యాన్ని ఇవ్వడం మానేశారు. మేం రాసినది ఇప్పుడెక్కడా నడవడం లేదు. మేడం రిటైరై మంచిర్యాల వెళ్ళి, రెండేళ్ళకు పోయారు. సమాధి దగ్గర పాట పాడుతుంటే నేను వెనక వరుసలో నిలబడ్డాను. ఏడుపు రాలేదు, వస్తే బాగుండుననిపించింది.

నిన్న ఫైళ్ళు మారుస్తుంటే ఆమె పాత మెయిళ్ళలో నా పేరు కనిపించింది. పై ఆఫీసుకు రాసినది. ఆ సోమవారమే, పొద్దున పదకొండింటికి. అంటే నా టేబుల్ దగ్గరికి రాకముందే. "ఇతని రిపోర్టు తప్పు. అయితే ఆ తప్పు పట్టుకోవడానికి కావలసినవన్నీ ఇతనే అందులో పెట్టాడు. ఏదీ దాచలేదు. ఖాయం చేయండి." చదవగానే కోపం వచ్చింది. ఆ వారం నేను వీసా కోసం మస్కట్‌లోని మేనమామకు ఫోన్ కూడా చేశాను. ఒక్క మాట చెబితే ఆమె సొమ్మేం పోయేది? మెయిల్ ఇంకోసారి చదివాక, నాకు చేసిన మేలును కూడా ఆమె ఎక్కడా లెక్క రాసుకోలేదని తట్టింది.

నా దగ్గర ఇప్పుడు శ్రావణి అనే అమ్మాయి ప్రొబేషన్‌లో ఉంది. మొన్న ఇచ్చిన రిపోర్టు తప్పు. ఏదీ దాచలేదు. ఇవాళ పొద్దున ఆమెను ఖాయం చేయమని పై ఆఫీసుకు రాసి, ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళాను. మేడం పద్ధతిలో ఒక్కటే మార్చాను.

"నీ నౌకరి ఖాయమైంది, ఫికర్ చెయ్యకు" అని ముందు చెప్పాను. "ఇగ చెప్పు, గీ అంకె ఏడికెల్లి వచ్చింది?"