తొమ్మిదో నెల సూది

కొబ్బరిచెట్టు మీద ఉన్నంతసేపూ సాయిబాబుకి ఏ అనుమానమూ ఉండదు. ఏ గెల ముదిరిందో, ఏది ఇంకో నెల ఆగాలో చూపుతోనే చెప్పేస్తాడు. రాజోలు చుట్టుపక్కల రైతులు కాయల దింపుకి అతనికే కబురు పెడతారు. నేల మీదికి దిగాడా, ఇక అంతే. పప్పు తెమ్మంటే కందిపప్పా పెసరపప్పా అని కొట్టు ముందు నిలబడిపోయే మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ బాధ లేకుండా భార్య విజయే అన్నీ తేల్చేది. ఆ విజయ అయిదు నెలల కిందట, కువైట్‌లో ఒకరింట పసిపిల్లాణ్ణి చూసుకునే పనికి వెళ్ళిపోయింది. అప్పుడే తొమ్మిది నెలలు నిండిన తన కూతురు దివ్యని మొగుడికీ, అత్త అప్పలమ్మకీ అప్పగించి మరీ వెళ్ళింది.

ఇప్పుడు పక్కవీధిలో ఇద్దరు పిల్లలకి తట్టు పోసింది. మంగళవారం నర్సమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చి, "దివ్యకి తొమ్మిదో నెల సూది పడిందాండీ? తట్టు రాకుండా కాపాడేది అదే. సూదుల కార్డు తెండి, చూద్దాం," అంది.

పడిందా? అప్పట్లో అడిగితే అయిందని విజయ చెప్పినట్టే సాయిబాబుకి గుర్తు. గట్టిగా చెప్పమంటే మాత్రం చెప్పలేడు. కార్డు కోసం బియ్యం డబ్బా వెనకా, దేవుడి పటాల వెనకా, విజయ చీరల మడతల్లోనూ వెతికాడు. ఆ చీరల దగ్గర గుండె బరువెక్కి పెట్టె మూసేశాడు. దివ్యకి మొదటి సూదులన్నీ మురమళ్ళలో, విజయ పుట్టింట వేసినవి. ప్రయాణానికి ముందు నెల కూడా తల్లీపిల్లా అక్కడే ఉన్నారు. అత్తగారికి ఫోను చేస్తే, "వేయించే ఉంటాదండి అల్లుడుగారూ, నాకు గుర్తులేదు," అంది.

"తెలీకపోతే వేయించేయండి," అంది నర్సమ్మ. "ముందే పడినా, ఇంకోసారి పడితే ప్రమాదమేం లేదు. రేపు అంగన్‌వాడీకి తీసుకురండి."

"ఆయ్," అన్నాడు సాయిబాబు. ఆ 'ఆయ్' ఆమె గుమ్మం దాటేదాకానే నిలిచింది.

"ఒరే, మూడోసారి వేయించినప్పుడు పిల్ల ఒళ్ళు కాలిపోయింది, తొడ ఇంత లావు వాచింది, మర్చిపోయేవా? ఒకటికి రెండు పొడిపిస్తే తట్టుకుంటాదా?" అంది అప్పలమ్మ. టీ కొట్టు దగ్గర ఒకతను ఫోన్లో వీడియో చూపించి అసలు సూదులే వద్దన్నాడు. తోట రైతు సూర్యనారాయణగారు, "వేయించకపోతే నీ అంత బుద్ధితక్కువవాడు ఉండడు," అన్నారు. ఎవరి మాట వింటే వాళ్ళదే నిజమనిపించింది. విజయని అడుగుదామంటే, అక్కడి మేడం శుక్రవారం తప్ప ఫోను చేతికివ్వదు.

బుధవారం పిల్లని ఎత్తుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాడు. తీరా తమ వంతు వచ్చేసరికి, "మళ్ళీ వస్తానండి," అని వెనక్కొచ్చేశాడు. దారంతా తనని తనే తిట్టుకున్నాడు. పక్కవీధి మలుపులో ఎవరో దగ్గితే పిల్ల ముఖం మీద కండువా కప్పాడు. ఊపిరాడదేమోనని మళ్ళీ తీసేశాడు.

గురువారం చెట్టెక్కి, ముదురు గెల వదిలేసి లేత గెల నరికాడు. పదిహేనేళ్ళలో ఎన్నడూ జరగని పని. సూర్యనారాయణగారు కింద నుంచి కేకలేస్తుంటే, ఇక చెట్టు మీద కూడా తనకి దిక్కు తోచదేమోనని సాయిబాబుకి భయం పట్టుకుంది.

శుక్రవారం ఫోన్లో విజయ ముఖం కనపడగానే, "దివ్య సూదుల కార్డు ఎక్కడ పెట్టేవే?" అన్నాడు.

విజయ తలగడ కింద నుంచి కార్డు తీసి చూపించింది. "నా దగ్గరే ఉందండి. దాని బరువులవీ రాసున్నాయి కదా, చూసుకోవచ్చని తెచ్చుకున్నాను."

"సరేలే. తొమ్మిదో నెల గడిలో ఏం రాసుందో చూడు."

ఆమె కార్డు వైపు చూడనేలేదు. "అది ఖాళీయేనండి. ఆ వారమే నా ప్రయాణం. మళ్ళీ అంత జ్వరం వస్తే, కాలిపోతున్న పిల్లని దించేసి విమానం ఎక్కలేననుకున్నాను. మీరు అడిగితే అయిందని చెప్పేసేను." కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడ మేడం పిల్లాడికి నేనే ఎత్తుకెళ్ళి వేయించేనండి. కదలకుండా నేనే పట్టుకున్నాను."

తిట్టాలో ఓదార్చాలో సాయిబాబుకి తెలియలేదు. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

శనివారం మళ్ళీ సూదుల రోజు. "ముందు పడిందో లేదో తెలిసిందాండీ?" అని నర్సమ్మ అడిగింది.

"పడలేదండి," అన్నాడు. పిల్ల చెయ్యి తనే కదలకుండా పట్టుకున్నాడు. వారం లోపు ఒళ్ళు కాస్త వెచ్చబడినా కంగారు పడొద్దని చెప్పి, నర్సమ్మ కొత్త కార్డు రాసిచ్చింది.

ఆమె చెప్పినట్టే, తరువాతి శుక్రవారం పొద్దున్నే దివ్య ఒళ్ళు వెచ్చబడింది. సాయిబాబు దింపు మానేసి, నర్సమ్మ చెప్పిన మందు పట్టి పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది. "జ్వరం వచ్చిందా అండీ?" అంది విజయ, ఇంకేమీ అడక్కుండానే.

రాలేదంటే చాలు, అంత దూరాన ఆమె ఈ వారమంతా నిశ్చింతగా ఉంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అయిదు నెలల కిందట ఆమె కూడా తనకి అలాగే చెప్పింది.

"వచ్చింది," అన్నాడు సాయిబాబు. "నా ఒళ్ళోనే ఉంది, చూడు."

ఫోను పిల్ల వైపు తిప్పాడు.