రాజేశం పంపిన కబురు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచి నవ్వే. మా బాపు బొగ్గుబాయిల పని చేసిండు. బాయిల చచ్చినోళ్లు కనబడ్తరని చెప్పని మనిషి మా కాలనీల లేడు. బాపు మాత్రం, చచ్చినోనికి అండ్ల ఏం పని ఉంటదిరా అనేటోడు. నేనూ గదే నమ్మిన.

మంచిర్యాల దిక్కు ఇంటింటికి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసు మాది. ఏ ఇంట్ల ఎంత డేటా వాడిండ్రో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే. లెక్కంత డేటాబేస్‌ల పడ్తది. మా సొంత పనికి వాడేది అండ్ల పడకుండ ఫిల్టర్ పెట్టిన. మా లైన్‌మన్ రాజేశం చేతిల ఉండే టెస్టింగ్ మిషన్ గూడ గా ఫిల్టర్‌ల ఉంది.

రాజేశంకు ఫోన్ చేసుడంటే బద్ధకం. స్తంభం దిగినంక గా మిషన్ నుంచి ఆఫీసుకు ఒక టెస్ట్ కొట్టేటోడు. డేటాబేస్‌ల పడకపోయినా, నా స్క్రీన్ మీద ఇట్ల కనబడి అట్ల పోయేది. దిగిన అన్నట్టు కబురు. నేను చాయ్ చెప్పేటోణ్ని.

మా దగ్గర కరెంట్ పోయినప్పుడే కరెంట్ స్తంభాలెక్కి ఇంటర్నెట్ వైర్లు గుంజుతరు. తప్పని తెలిసీ అందరు చేసేది గదే. ఒకనాడు రాజేశం గట్లనే ఎక్కిండు. ఎవరిదో జనరేటర్ కరెంట్ ఉల్టా లైన్లకు ఎక్కింది. నేను కబురు కోసం చూసుకుంట కూసున్న. అది రాలే. మనిషి, మిషన్ రెండూ కాలిపోయినయ్. తాడు గట్టి మేమే కిందికి దించినం.

ఆయన భార్య పద్మ ఎంత వద్దన్నా, ఆమె తమ్ముడు సురేశ్ అదే పనిల చేరిండు. ఇల్లు గడవాలె గదా.

మొన్నటి ఎండకాలం, పట్టపగలు కరెంట్ పోయింది. ఫంక్షన్ హాల్ ముందట సురేశ్ స్తంభం ఎక్కిండు. నేను ఆఫీసుల బ్యాటరీ మీద కంప్యూటర్ నడుపుకుంట డేటాబేస్ చూస్తున్న. ఒక కొత్త ఎంట్రీ పడ్డది. కాలిపోయిన రాజేశం మిషన్‌ది, నెట్‌వర్క్‌ల దానికిచ్చిన అడ్రస్. గా అడ్రస్ మళ్ళ ఎవ్వరికీ ఇయ్యలే. ఫిల్టర్ ఉండంగ అది డేటాబేస్‌ల పడనే పడొద్దు.

ఏమనిపించిందో ఏమో, సురేశ్‌కు ఫోన్ కొట్టి దిగుమన్న. కరెంటే లేదు గదనే అన్నడు.

"చెప్తే ఇనవా? జర దిగుర అయ్యా."

గొణుక్కుంట దిగిండు. కాలు నేలమీద పెట్టిండో లేదో, హాల్‌ల జనరేటర్ వేసిండ్రు. పైన వైర్ చిటచిటమని నిప్పులు రాల్చింది. పోరడు అక్కడ్నే కూలబడ్డడు.

ఫిల్టర్ ఎన్నిసార్లు చూసినా సక్కగనే ఉంది. హైదరాబాద్‌ల తెలిసినోళ్లకు చూపిస్తే వాళ్లూ తలకాయ గోక్కున్నరు. నాకైతే ఇప్పటికీ సమజ్ గాలే.

పద్మకు చెప్పిన. తమ్ముణ్ని బతికిచ్చిండని దండం పెడ్తది అనుకున్న. ఆమె దండం పెట్టలే, ఏడ్వలే. గా కబురు స్తంభం దిగినంకనే గదా పంపుతడు అని అడిగింది. అవునన్న.

"అంటే, దిగిండా అన్నా?"

తాడు పట్టి దించినోణ్ని నేను.