పుచ్చిన చెక్కకు ముప్పై అయిదు హార్స్‌పవర్

ఎనభైల నడుమ, ఒక వేసవి చివర, నన్ను కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఒక సర్కారీ బోట్ల వర్క్‌షాప్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. వరదల్లో జనాన్ని దాటించే చిన్న బోట్ల బాగోగులు మా పని. నా పైన ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవాడు. ఆయన పేరు రాయను. పెద్ద ఇంజనీరు అనే అంటాను.

మా బోట్లకు ఇరవై అయిదు హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటార్లు ఉండేవి. ఔట్‌బోర్డ్ అంటే పడవ వెనక చెక్కకు బయటి వైపు తగిలించే మోటారు. హుగ్లీలో నీరు ఎదురొస్తే, నిండా జనం ఉన్న బోటును అవి లాగలేకపోయేవి. కొత్తవి అడిగితే మంజూరు కాలేదు. ఉన్నవాటినే ముప్పై అయిదు చెయ్యమని మా పెద్ద ఇంజనీరు హుకుం జారీ చేశాడు.

అది చెయ్యగలిగిన పనే. ఆ తయారీదారు రెండు రకాలకూ ఒకే సిలిండర్ బ్లాకు వాడేవాడు. ముఖ్యమైన తేడా కార్బురేటర్ గొంతు వెడల్పులోనూ, గాలీ పెట్రోలూ లోపలికి పోయే రీడ్ పలకల్లోనూ ఉండేది. తుక్కులో పడున్న ముప్పై అయిదుల నుంచి వాటిని విప్పి వీటికి బిగించాం. కార్బురేటర్ మార్చి, పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి జెట్టు మార్చకపోతే పిస్టన్ పట్టేస్తుంది. ప్రొపెల్లర్ మార్చకపోతే ఇంజను హద్దు మీరి తిరుగుతుంది. అవీ మార్చాం. ఇక మిగిలింది వెనక చెక్క. మోటారు తోసే బలమంతా పడేది దాని మీదే. రెండు బోట్లకు దిట్టం చేశాం. మూడోదానికి లోపల పుచ్చు పట్టింది. కొత్త బల్ల వచ్చేదాకా దానికి పెద్ద మోటారు తగిలించవద్దని పెద్ద ఇంజనీరు ఎదుట నిలబడి మరీ చెప్పాను. తల ఊపాడు.

బిగింపు పని సింహాచలానిది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి దగ్గర్లోని ఏక్‌బాల్‌పూర్‌లో స్థిరపడిన మెకానిక్. ఇంటిల్లిపాదికీ అతని జీతమే ఆధారం. బెంగాలీ గడగడా మాట్లాడేవాడు గానీ, ఏదైనా వినపడకపోతే మాత్రం ఊరి మాటే నోట్లోంచి ఊడిపడేది. ముందుకు వంగి, దగ్గరున్నదాని మీద చెయ్యి వేసి, "ఏటి?" అనేవాడు. బెంగాలీలో ఏటి అంటే "ఇది" అని అర్థం. దాన్ని పట్టుకుని షెడ్డులో అందరూ అతన్ని ఆటపట్టించేవారు.

నేను ఆ బల్ల కోసమే హౌరా వెళ్లిన పూట, పెద్ద ఇంజనీరు ఎవరో పైవాళ్లను వెంటబెట్టుకుని జెట్టీ మీదికి వచ్చాడు. కొత్త బలం వెంటనే చూపించాలట. పక్కన స్టీమర్ మోత. "కోన్‌టాయ్ లాగాబే?" అని, అంటే దేనికి తగిలిస్తావని, పైనుంచి అరిచాడు. సింహాచలానికి వినపడలేదు. మూడో బోటు వెనక చెక్క మీద చెయ్యి ఆనించి "ఏటి?" అన్నాడు. పెద్ద ఇంజనీరు సరే, తగిలించమన్నాడు. ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. సాహెబు చూసే చెబుతున్నాడనుకుని సింహాచలం తగిలించి, బోటును తానే నదిలోకి నడిపాడు. నది నడుమ మోటారు పూర్తి వేగం అందుకోగానే చెక్క ఊడి, మోటారుతో సహా నీళ్లలోకి పోయింది. బోటు మునిగింది. సింహాచలాన్ని పడవవాళ్లు లాగి బయటపడేశారు. అప్పటినుంచి అతని కుడి చెవి సరిగా పనిచెయ్యలేదు.

మనిషి ప్రాణం దక్కినందుకు సంతోషించాల్సింది పోయి, మర్నాడే అతన్ని సస్పెండ్ చేశారు. బోటును ఎంచుకున్నది అతనేనట. ఉద్యోగం ఊడగొట్టాలని ప్రతిపాదన. నాకు ఒళ్లు మండిపోయింది. పుచ్చు సంగతి నా నోటితో విన్న మనిషి, ఆ మాటే విననట్టు మింగేశాడు. నేను చెప్పానంటే, నీ మనిషిని వెనకేసుకొస్తున్నావన్నాడు. యూనియన్ నాయకుడేమో, తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గించేలా మాట్లాడతానని రాజీ బేరం తెచ్చాడు. సింహాచలం ఒప్పుకోలేదు.

"నాను ఏటని అడిగినాను బాబూ. ఇదే అని సెప్పనేదు. సెప్పని మాట సెప్పినానని ఎలాగ ఒప్పుకుంతాను?" అన్నాడు నాతో.

విచారణకు హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అందరికీ కుర్చీలు వేసి, సింహాచలాన్ని మాత్రం పెద్ద ఇంజనీరు కుర్చీ వెనక నిలబెట్టారు. నేను అడిగితే, కుర్చీలు చాలవన్నారు. గోడవారన మూడు ఖాళీగా ఉన్నాయి. పెద్ద ఇంజనీరు తాపీగా చెప్పాడు: దేనికి అని అడిగాను, చెక్క మీద చెయ్యి పెట్టి "ఇది" అన్నాడు, నా చెవులతో విన్నాను.

విచారణాధికారి కాగితం మీంచి తల ఎత్తకుండానే, "హుకుమ్ కే దియేఛిలో?" అన్నాడు. హుకుం ఎవరిచ్చారని. సింహాచలానికి ఆ చెవిలో పడలేదు. ముందుకు వంగి, ఎదురుగా ఉన్న కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, "ఏటి?" అన్నాడు.

పెద్ద ఇంజనీరు వెనక్కి తిరిగి, తన భుజం పక్కన ఉన్న ఆ చేతిని చూశాడు.

నేను లేచాను. "జెట్టీ మీద ఆ మాటకు ‘ఇది’ అని అర్థమైతే, ఇక్కడా అదే అర్థం. హుకుం ఇచ్చినది ఇదిగో, ఈయనేనని రాసుకోండి. లేదూ, ఇక్కడ వినపడక ‘ఏమిటి’ అని అడిగాడంటే, అక్కడా అడిగాడు. ఏదో ఒకటి రాయండి" అన్నాను.

సింహాచలం ఉద్యోగం నిలబడింది. ఇకమీదట ఆదేశాలు శ్రద్ధగా వినాలని అతనికి హెచ్చరిక ఇచ్చారు, చెవి పోయినవాడికి. పెద్ద ఇంజనీరుకు ఆ పాటి కాగితం కూడా అందలేదు.

మోటారు బలం పెంచేవాడు ముందు దాన్ని మోసే చెక్కను పరీక్షించాలి. ఆదేశం ఇచ్చేవాడు, పని చేసేవాడి చేత దాన్ని తిరిగి చెప్పించుకోవాలి. నేను రిటైరయ్యేదాకా నా షెడ్డులో ఈ రెండూ తప్పనివ్వలేదు. "ఏటి?" అని అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఏ మోటారూ నీళ్లలోకి దిగలేదు.