మట్టి గాజు విరిగిన రోజు

నా చిన్నప్పుడు నాచారంలో గొర్రెలు కాయడమంటే దారిన పోయేవాళ్ల వెక్కిరింపులకు ఉచితంగా దొరికిపోవడమే. ఒకపక్క ఫ్యాక్టరీలు లేచాయి. ఇంకోపక్క ఉప్పల్ నుంచి ప్లాట్ల రాళ్లు పాతుకుంటూ వస్తున్నారు. మధ్యలో మిగిలిన గుట్ట మీద మా తాత, ఆయన నలభై గొర్రెలు, నేను. అప్పటికే నేను బడి మానేశాను. ఏడో తరగతిలో లెక్కల సారూ నేనూ ఇక ఒకరి మొహం ఒకరం చూడలేమని తేలిపోయింది. ఇద్దరిలో జీతం లేనిదాన్ని నేనే కాబట్టి నేనే బయటికి వచ్చాను.

గుట్ట పైభాగమంతా రాయి, గరుగ్గా పొడిపొడిగా రాలే మొరం. అక్కడ మొలిచే గడ్డి గొర్రె పంటికి కూడా అందేది కాదు. దిగువ వాలులో మాత్రం నల్లటి జిగట మట్టి ఉండేది. ఎండాకాలంలో అది నా చెయ్యి పట్టేంత పగుళ్లు విచ్చేది. వాన పడితే పగుళ్లన్నీ మూసుకుని, నేల ఉబ్బి, మెత్తటి గడ్డి లేచేది. మంద బతికేది ఆ వాలు మీదే. అయితే తడి ఆరకముందే మందను దించితే గిట్టల కింద నేల నలిగి, గడ్డి వేళ్లు తెగిపోతాయి. ఎండాక ఆ నేల రాయిలా బిగుసుకుంటుంది, మళ్లీ నీళ్లు తాగదు. చిక్కేమిటంటే, పైన చూస్తే ఎప్పుడూ ఆరినట్టే కనిపిస్తుంది. లోపలి తడి కనిపెట్టడానికి మా తాత దగ్గర ఒక పద్ధతి ఉండేది.

అప్పటికే ఆయనకు మోకాళ్లు, కళ్లు రెండూ మొరాయించాయి. పొద్దున్నే నన్ను కిందికి పంపి, జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తెమ్మనేవాడు. దాన్ని అరచేతుల మధ్య బలపమంత సన్నగా పేని, నా మణికట్టు చుట్టూ గాజులా తిప్పేవాడు. విరగకుండా చుట్టుకుంటే నేల ఇంకా పచ్చిగా ఉన్నట్టు, ఆ రోజు మంద పైనే. పుటుక్కున తెగితే దించవచ్చు. మేడిపల్లి వైపు నుంచి వచ్చే కాపరులు కూడా "ఏం మామ, ఇయ్యాల దిగొచ్చా?" అని ఆయన్ని అడిగాకే కదిలేవాళ్లు. నేను మాత్రం, "ఎన్నేండ్లు తొడుగుతవ్ తాతా ఈ మట్టి గాజులు, జర బంగారంవి జూడు" అని ఆటపట్టించేదాన్ని. "గొర్రెలు బంగారం తినయ్ బిడ్డా" అనేవాడు.

మా నాయిన ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ ఏడు వానలకు ముందే ఆయన తాతకు తేల్చి చెప్పాడు. "కండ్లు సక్కగ అవుపిస్తలెవ్వు, ఎందుకు నాయినా నీకీ గోస? ఈ వానకాలం ఒక్క జీవం పోయినా మంద అమ్ముడే." తాత సరేనన్నాడు. వానలు మొదలయ్యాక గాజు పేనేటప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టడం చూసి కూడా నేను నవ్వేదాన్ని.

ఆ రోజు వాన వెలిసి మూడో రోజు. మూడు రోజులుగా పైనే ఉన్న మంద ఆకలికి ఒకటే అరుస్తోంది. నిజం చెప్పాలంటే వాటి ఆకలి కన్నా నా తొందర ఎక్కువ. సాయంత్రం పక్కింటి అక్క వాళ్ల టీవీలో సినిమా ఉంది. వాలులో మేస్తే గొర్రెల కడుపులు మధ్యాహ్నానికే నిండుతాయి. పైనైతే పొద్దుగూకేదాకా అవి రాళ్లు నాకాలి, నేను వాటిని చూడాలి. కిందికి వెళ్లి మట్టి తీశాను. వెన్నలా వేళ్లకు అంటుకుంది. పైకి వస్తూ గుప్పెడు పొడి మొరం కలిపి పిసికాను. పెద్ద తెలివైన పని చేసినట్టు నాలో నేను మురిసిపోయాను కూడా.

తాత పేనాడు. నా చేతికి తిప్పబోతే గాజు మూడు ముక్కలైంది. ఆయన వాటిని పారేయలేదు. ఒక ముక్కను బొటనవేలి కింద చాలాసేపు నలిపాడు.

"కిందికెల్లే తెచ్చినవా బిడ్డా?"

"నీ మీదొట్టు తాతా."

ఇంకోసారి నలిపి, చేతులు గొంగడికి తుడుచుకుని, మందను దించాడు.

కొంచెం దూరం పోయాయో లేదో, ఒక్కో గిట్టకు ఒక్కో ఇటుక కట్టినట్టు మట్టి ముద్దలు అంటుకున్నాయి. వెనక్కి మళ్లించబోతే బెదిరి, వాన నీళ్లు పారే ఒర్రెలోకి ఉరికాయి. మూడు సూడి గొర్రెలు పొట్టల దాకా దిగబడ్డాయి. తాత ఆ మోకాళ్లతోనే బురదలో పాకుతూ, గొంగడిని వాటి పొట్టల కింద దోపి లాగాడు. నేను ఇవతల నుంచి లాగాను. రెండు బయటపడ్డాయి. మూడోది లాగుతుండగానే మెడ వాల్చేసింది. మంద పైకి చేరేసరికి వాలంతా దున్నినట్టయింది.

మా నాయిన డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో చచ్చిన గొర్రెను చూశాడు. కేకలు వేయలేదు. ఏమైందని మాత్రం అడిగాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తాత నా వైపు చూడనే లేదు.

"నా చెయ్యి మొద్దువారింది రా. తడి తెలుస్తలేదు" అన్నాడు.

వారం తిరక్కుండా లారీ వచ్చింది. తాతే ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి ఎక్కించాడు.

కొన్నాళ్లకు నేను చేసింది తాతకు చెప్పబోయాను. ఆయనకు తెలియక కాదు, మొరం పలుకులు ఆ బొటనవేలికి దొరక్కుండా పోతాయా? నా ఒట్టును నమ్మి తన వేలిని కాదనుకున్నాడు, అంతే. "చెప్తే ఏమొస్తది బిడ్డా" అన్నాడు. "జీవాలు మల్ల రావు. మీ నాయిన నిన్ను కొడతడు, గంతే." అందులో క్షమించడం ఉందో లేదో ఇప్పటికీ నాకు తేలలేదు.

మరుసటి వానకు ఆ వాలు మీద గడ్డి రాలేదు. నీళ్లు ఇంకకుండా జారిపోయాయి. ఆ తర్వాత అక్కడా ప్లాట్ల రాళ్లు పాతారు. ఎలాగూ పోయే నేలే కదా అన్నారు మా వాళ్లు. నేనూ ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోయాను. కానీ తాత అరుగు మీద కూర్చుని ఉంటే, పాత కాపరులు ఇంకా మిగిలిన బీళ్లకు మందలు తోలుకుంటూ ఆయన ముందు నుంచే పోయేవాళ్లు. బాగున్నవా మామ అనేవాళ్లు. వాళ్లు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన కొంచెం ముందుకు వంగేవాడు. దిగొచ్చా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. చనిపోయేదాకా, మూడేళ్లు, ఆయన అలాగే వంగి చూశాడు.

మా నాయినకు ఇప్పుడు తాత వయసు వచ్చింది. ఆయనకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. మొన్న నా మనవరాలికి పాత సంగతులు చెబుతూ, "మా నాయినకు ఆఖర్ల చెయ్యి పనిచెయ్యకుంట అయింది, గందుకే మంద పోయింది" అన్నాడు. నేను పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆయన నా వైపు తిరిగి, "గంతే కదనే?" అని అడిగాడు.

"అవ్ నాయినా, పెద్దతనం కద" అన్నాను.