దొరసాని నడక

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, రంగుల్లేని సినిమా అంటే పద్ధతైన సినిమా అని. మా ఊరి టూరింగ్ టాకీసులో చూసిన నలుపు తెలుపు బొమ్మలన్నిట్లోనూ దేవుడో, పతివ్రతో ఉండేవారు మరి. చదివింది అయిదో తరగతి. తెల్లవాళ్ళ బొమ్మల సంగతి నాకెవరు చెప్పారు?

పెళ్ళయి దేశం దాటి, ఆంగ్ మో కియో అనే పేటలో అత్తవారి ఫ్లాటుకి వచ్చిన కొత్త. బ్లాకు కింద జాకెట్లు కుట్టే ఆంటీ నన్ను పనిలోకి తీసుకుంటానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య మాత్రం, "నీకసలే నోరు లేదు. మగాడెవడైనా ఏమైనా అంటే ఏం చేస్తావే?" అని ససేమిరా అన్నారు. ఒప్పించడానికి ఆంటీ ఆదివారం ఇంటికొస్తానంది. అత్తయ్య మనసు కాస్త మెత్తబడాలని నేనే పాత సీడీల కొట్లో వెతికి ఒక నలుపు తెలుపు ఇంగ్లీషు బొమ్మ తెచ్చాను. అట్ట మీద దొరసాని మెడ నుంచి మడమ దాకా గౌనుతో, నెత్తిన ఈకల టోపీతో నిండుగా ఉంది (అచ్చం మా ఊరి అమ్మవారే).

ఆంటీ వచ్చి కూర్చోగానే బొమ్మ పెట్టాను. దొరసాని నడుం మీద చెయ్యి వేసి, ఓడలా ఊగుతూ మెట్లు దిగింది. ఎదురుగా నిలబడ్డ మగవాణ్ణి సంతలో వంకాయని చూసినట్టు కింద నుంచి పైదాకా చూసి ఏదో అంది. వాడి చేతిలో గ్లాసు జారిపోయింది. నేను అత్తయ్య వైపు ఓరగా చూశాను.

"ఏమందే?" అని అత్తయ్య, అక్కడే పుట్టి పెరిగిన మా ఆడపడుచుని అడిగారు.

ఆ పిల్ల మొహం కందిపోయింది. "అమ్మా, కెనాట్ సే లా!"

"చెప్పవే!"

"టోపీ అక్కడ పెట్టు, మిగతావి ఎక్కడ పెట్టాలో తర్వాత చెప్తా... అంటోంది."

నేను రిమోట్ కోసం దూకాను. అత్తయ్య నా చెయ్యి పట్టేసుకున్నారు. "ఆగవే! వెనక్కి తిప్పు, ఇంకోసారి!" ఆంటీ అప్పటికే పమిట నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

బొమ్మ అయ్యేసరికి అత్తయ్య కళ్ళు మెరుస్తున్నాయి. "ఒక్క మగాడైనా దాని ముందు కిక్కురుమన్నాడా? ఏమే, నువ్వలా చూడగలవా?"

"చూడగలనండి."

"ఏదీ?"

లేచాను. నడుం మీద చెయ్యి వేసుకుని, సోఫా దగ్గర్నుంచి ఊగుతూ తలుపు దాకా నడిచి, కళ్ళు సగం మూసి ఒక్క చూపు విసిరాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని, కూరల సంచితో మామయ్యగారు లోపలికొచ్చారు.

"ఈ పిల్లకేమైందే?" అన్నారాయన గుమ్మానికి అతుక్కుపోయి.

"ఏం కాలేదు. ఉద్యోగం వచ్చింది," అన్నారు అత్తయ్య.

మర్నాడు ఆ చూపు సిద్ధం చేసుకుని, గాల్లో తేలుతూ పనికెళ్ళాను. తీరా చూస్తే జాకెట్లు కుట్టించుకోవడానికి మగాడెందుకొస్తాడు? వచ్చినవాళ్ళంతా ఆడవాళ్ళే. సాయంత్రం దాకా ఆశగా గుమ్మం వైపే చూసిన ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, ఒక్కడైనా వచ్చి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.