ఎదురింట్లో పెట్టిన సంచి

మంగళవారం. పొద్దున్నుంచే ఎండ. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోశాను.

మా అన్న కూతురికి ఈ సాయంత్రం హైదరాబాదులో కాన్పు ఆపరేషన్. వదిన రాత్రంతా బస్సులో కూర్చోలేదు. కడప నుంచి విమానమైతే గంటే అని టికెట్ తీశాం. మంగళవారం ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదంటారు. ప్రయాణం సోమవారమే మొదలైనట్టు ఉండాలని వదిన నిన్ననే తన సంచిని ఎదురింట్లో పెట్టి వచ్చింది.

ఈ రోజు చూస్తే ఆ ఇంటికి తాళం! వాళ్ళు బ్రహ్మంగారిమఠం పోయారట. వదిన ఆధార్ కార్డు ఆ సంచిలోనే ఉంది. అది లేకుంటే విమానం ఎక్కనివ్వరు. ఎదురింటి మామకు ఫోన్ చేశాను.

"పగలగొట్టప్పా! ఇంకా ఏం చూస్తాండావు? బిడ్డ కంటే తాళం ఎక్కువనా?"

పగలగొట్టాను. వదినను విమానం ఎక్కించి వస్తూ, ఎర్రగుంట్లలో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉండగానే ఆమె ఫోన్.

"హైదరాబాదులో దిగినా. నువ్వు ఇల్లు చేరినావా అప్పా?"

ఇంకా బస్సే రాలేదన్నాను.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. మొదట ఎత్తుకున్నది వదినే.

మీ ఇళ్ళలో ఇలా ముందుగా పెట్టే సంచిలో ఏం పెడతారు? మా ఇంట్లో ఇకమీదట చీరలే.

ఎదురింటి వాళ్ళు ఇప్పుడే ఆటో దిగుతున్నారు. కొత్త తాళం నేనింకా...